ఐవియా అంటే వెలుగు కాదు

సాయంత్రం బడి వదిలే వేళకి ఆ గేటు దగ్గర నిలబడి "ఐవియా!" అని ఒక్క కేక వేస్తే చాలు, బయటికొస్తున్న పిల్లల్లో ఓ గుప్పెడు తలలు మీవైపు తిరుగుతాయి. రెండు జడల తల, క్రాపు తల, టోపీ తల, ముక్కు కారుతున్న తల. ఏ ఐవియా కావాలో మీరే ఏరుకోవాలి. టీచర్లు ఈ బాధ పడలేక పొడుగు ఐవియా, పొట్టి ఐవియా, కళ్ళజోడు ఐవియా అని విడగొట్టుకున్నారు. కన్నవాళ్ళు మాత్రం ఎవరికి వాళ్ళు, తమ పిల్లకి లోకంలో ఎవరికీ లేని పేరు పెట్టామనే నమ్మకంతోనే ఉన్నారు.

ఆ పిల్లల తలలతో పాటు ఇంకో తల కూడా తిరిగేది. రోడ్డుకి అవతల, కాన్పుల ఆసుపత్రికి ఎదురుగా, పసిపిల్లల బట్టల దుకాణం ఉంది. గుమ్మం పక్కనే మిషను వేసుకుని, బుల్లి దుప్పట్ల మీదా టోపీల మీదా రంగు దారాలతో పేర్లు కుట్టే ఒకావిడ ఉంది అందులో. సగం నెరిసిన తల, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. వీధి మొత్తానికి ఆవిడ పేర్లక్క. సంతకం పెట్టాల్సి వచ్చినప్పుడు తప్ప సొంత పేరుతో ఆవిడకి పని పడలేదు. రోడ్డు మీద ఎవరైనా "ఐవియా" అంటే ఆ తల గిరుక్కున తిరిగేది. తిరిగి, వెంటనే సిగ్గుపడి, మళ్ళీ సూది దగ్గరికి వచ్చేసేది.

"నిన్ను కాదే తల్లీ," అని నవ్వేవాడు దుకాణం ఆయన. "నీ వయసు వాళ్ళకి ఇంకా అలాంటి పేర్లు పుట్టలేదు."

ఆ పేరు పుట్టింది ఆవిడ కోసమేనన్నది ఆయన తలకెక్కలేదు. ఎక్కినా నవ్వేవాడే. నవ్వడం ఆయన వ్యాపారంలో భాగం.

ఇప్పుడు ఫోన్ తీసి వెతికితే ఐవియా అంటే వెలుగు అని ఒకచోట ఉంటుంది. సముద్రంలో లేచే తొలి అల అని ఇంకోచోట. ఏదో చచ్చిపోయిన భాషలో చిన్న దేవత అని మరోచోట. చచ్చిపోయిన భాషతో ఉన్న సుఖం అదే, లేచొచ్చి కాదనదు. నిజం మాత్రం ఎక్కడా లేదు. నిజమేమిటంటే, ఆ పేరు ఒక మూగమనిషి నోట్లో పుట్టింది. దానికి అర్థం లేదు.

పేర్లక్క తల్లికి పుట్టుచెవుడు. చెవుడు కాబట్టి మాటా రాలేదు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చోట పని చేసేది. అక్కడ యంత్రాల మోతకి మామూలు మనుషులు నాలుగు నెలలు తిరక్కుండా చెవులు పట్టుకుని పారిపోయేవాళ్ళు. ఆమె మాత్రం ఆ మోతలో, ఆ ఆవిరిలో, చెరువులో బాతులా తిరిగేది. "ఏరి కోరి తెచ్చుకున్నా" అని మేస్త్రీ గొప్పగా చెప్పుకునేవాడు. ఒకరి లోటుని తన తెలివి ఖాతాలో వేసుకోవడం మేస్త్రీలకి వెన్నతో పెట్టిన విద్య. ఇక మొగుడంటారా, కూతురు పుట్టిన కొన్నాళ్ళకి వేరే ఊళ్ళో పని దొరికిందని వెళ్ళి, ఆ పనిలోనే ఉండిపోయాడు.

పిల్ల నడక నేర్చి గుమ్మం దాటడం మొదలుపెట్టాక తల్లికి చిక్కొచ్చి పడింది. చేతులతో మాట్లాడాలంటే పిల్ల ఇటు చూడాలి. ఇటు చూడాలంటే పిలవాలి. పిలవాలంటే గొంతు కావాలి. పక్కింటి వాళ్ళు తన పిల్లని పిలుస్తున్నప్పుడు పెదాలు ఎలా విచ్చుకుంటున్నాయో, ఎలా మూసుకుంటున్నాయో ఆమె నిలబడి చూసింది. తన గొంతు మీద అరచెయ్యి ఆనించుకుని, లోపల అదురు తగిలేదాకా ఊపిరిని బయటికి నెట్టింది. వచ్చింది. ఐ... వి... యా.

పిల్ల అసలు పేరుకీ ఆ శబ్దానికీ దూరపు చుట్టరికం కూడా లేదు. అయినా పిల్ల తల తిప్పింది. మట్టిలో ఆడుతున్నది కాస్తా ఇటు తిరిగి, ఉన్న రెండు పళ్ళతో నవ్వింది. తనకి గొంతు ఉందనడానికి ఆ తల్లికి దొరికిన రుజువు అదొక్కటే. తను చేసే చప్పుడు ఆమె జన్మలో వినలేదు. కూతురి తల తిరగడం మాత్రం చూసింది. అప్పటినుంచి పని ఉన్నా లేకున్నా పిలిచేది. తల తిరిగితే చాలు, "ఏం లేదు పో" అన్నట్టు చెయ్యి ఊపేది.

ఆ పిలుపు ఎలా ఉండేదంటే, మొదట లోతుగా, బావిలో బొక్కెన పడ్డట్టు మొదలయ్యేది. నడుమ సన్నగా చీలిపోయేది. చివర్లో ఊపిరి చాలక, గాలికి తలుపు మూసుకున్నట్టు ఠక్కున ఆగేది. వినేవాళ్ళకి ఒళ్ళు జలదరించేది. పిల్లకి మాత్రం అది అమ్మ.

వాళ్ళుండేది వరస ఇళ్ళ వాడ. ఒక ఇంట్లో తుమ్మితే పదో ఇంట్లో "చిరంజీవ" అనేంత దగ్గర. ఆ వాడలోనే రెండిళ్ళ అవతల పెద్దమ్మ కాపురం. పెద్దమ్మ కూతురికి ఒక విద్య ఉండేది. ఎవరి గొంతునైనా ఇట్టే పట్టేసేది. బడి పంతులు దగ్గు, పాలవాడి కేక, తన తండ్రి తాగొచ్చి పెట్టే నస, అన్నీ అచ్చు గుద్దినట్టు దింపేది. వాటన్నిట్లోకీ వాడ పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగి చేయించుకునేది మాత్రం పిన్ని పిలుపు.

గోడ వెనక నక్కి, ఆ పిలుపు పిలిచేది. పిల్ల ఆట వదిలి ఇంటికి పరిగెత్తేది. ఇంటి దగ్గర తల్లి బట్టలు పిండుకుంటూ, ఎందుకొచ్చావన్నట్టు కనుబొమలు ఎగరేసేది. వెనక నుంచి వాడ వాడంతా గొల్లున నవ్వేది. ఎన్నిసార్లు మోసపోయినా పిల్ల మళ్ళీ పరిగెత్తేది. ఏమో, ఈసారి నిజంగా అమ్మే అయితే?

చివరికొక రోజు గోడ ఇవతలికి కాక అవతలికి పరిగెత్తింది. అక్క మణికట్టు పట్టుకుని, పళ్ళు ఎముకకి తగిలేదాకా కొరికింది.

పెద్దమ్మ జుట్టు ముడేసుకుంటూ వచ్చింది. "పిల్లని కన్నావా, కుక్కపిల్లని కన్నావా? చూడు, కండ ఊడొచ్చింది!" అని చెల్లెలి మొహం మీద మొహం పెట్టి అరిచింది.

"చెవిటిదాని ముందు శంఖం ఊదితే ఏం లాభమమ్మా," అని పక్కింటావిడ వినోదం చూసింది.

తల్లికి గొడవ దేనికో అర్థం కాలేదు. ఎందుకు కరిచావని కూతుర్ని చేతులతో అడిగింది. పిల్ల చెప్పలేదు. నీ గొంతుని వెక్కిరిస్తున్నారమ్మా అని చేతులతో ఎలా చెప్తారు? చెప్పడానికి వీలున్నా ఎలా చెప్తారు? తన గొంతు బాగుంటుందనే ఆ తల్లి నమ్మకం. బాగుండబట్టే కదా పిల్ల అంతలా తిరిగి చూస్తుంది!

ఉతుకు యంత్రాల ఆవిరే చివరికి తల్లి ఊపిరితిత్తులు తినేసింది. ఆమె పోయేనాటికి కూతురు పెళ్ళై, మిషను పని నేర్చుకుని, ఈ దుకాణంలో కుదురుకుంది. మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. పెళ్ళాన్ని "ఇదిగో" అని పిలుస్తాడు. ఇద్దరు కొడుకులు పుడితే ఇద్దరికీ అత్తగారే పేర్లు పెట్టింది, కోడలు పేర్లు కుట్టడానికే గానీ పెట్టడానికి పనికిరానట్టు. తల్లి పిలుపు పిలిచేవాళ్ళు ఇక భూమ్మీద లేరు. కానీ కాలి కింద మోటారు నొక్కి మిషను పరుగందుకోగానే, ఆ మోత వెనకాల ఎక్కడో, ఉతుకు యంత్రాల అవతలి నుంచి వచ్చినట్టు, ఆ పిలుపు వినబడేది. లోతుగా మొదలై, నడుమ చీలి, ఠక్కున ఆగేది. రోజూ వినబడేది. ఆవిడకి పుట్టింటి ఆస్తి అంటూ దక్కింది అదే. దాన్ని ఎవరికీ చెప్పలేదు. చెబితే అరిగిపోతుందని భయం.

అలాంటిదాన్ని తీసుకెళ్ళి తనే అద్దాల్లో పెట్టింది.

ఎలాగంటే, దుకాణం ముందు అద్దాల అరలో ఒక మచ్చు దుప్పటి వేలాడుతుంది. పేరు ఎలా కుడతారో గిరాకీకి తెలియడానికి. ఒకసారి ఆ మచ్చు మీద ఎవరి పేరో కుట్టి ఉంది. ఇద్దరు తోడికోడళ్ళు వచ్చారు, ఇద్దరివీ నిండు కడుపులు. అద్దంలో పేరు చూసి పెద్దావిడ, "ఇది నేను అనుకున్న పేరు, ఇక్కడికెలా వచ్చింది?" అంది. చిన్నావిడ, "నీ మొహం, నేనే ముందు అనుకున్నా, నువ్వే తలుపు దగ్గర విన్నావు" అంది. గొడవ ఆసుపత్రి గేటుదాకా వెళ్ళింది. వాళ్ళ మొగుళ్ళొచ్చి దుకాణం ఆయన్ని తిట్టిపోయారు.

"ఇదెక్కడి గోలమ్మా! కందకి లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నాడాయన. "పేర్లమ్మా, ఆ మచ్చు తీసెయ్. భూమ్మీద ఎవరికీ లేని పేరొకటి కుట్టి తగిలించు. ఎవడూ 'ఇది నాది' అని మీదికి రాకూడదు."

ఎవరికీ లేని పేరు. ఆవిడ రింగులో గుడ్డ బిగించి, తెల్లటి దాని వంక కాసేపు చూసింది. అంతకాలం ఇతరుల పిల్లల పేర్లు కుట్టిన చెయ్యి తనంతట తనే కదిలింది. పసుపు దారంతో, అంచుకి నీలం నీడ వేసి కుట్టింది. ఆ పిలుపుని ఎవరూ ఎప్పుడూ రాసి ఎరగరు. కుట్టడం పూర్తయ్యాక చేత్తో తడిమి చూసుకుంటే తల్లి గొంతు మీద చెయ్యి పెట్టినట్టే ఉంది, దారం కింద చిన్న చిన్న అదుర్లు. అర్థం లేని పేరు కదా, ఎవరు పెట్టుకుంటారులే అనుకుంది. రోజూ కళ్ళెదుట వేలాడుతుంది, నా ఒక్కదానికే తెలుస్తుంది అనుకుంది. పేర్లతోనే బతికే మనిషి చెయ్యాల్సిన పొరపాటు కాదది. కానీ ఆవిడే చేసింది.

నెల తిరక్కుండా ఒక కుర్ర జంట ఆసుపత్రి నుంచి బిడ్డతో బయటికొచ్చి, అద్దం ముందు ఆగింది.

"అక్కా, ఆ పేరు ఎంత బాగుందో! ఏంటి దాని అర్థం?"

పేర్లక్క నోరు తెరిచింది. ఏమని చెప్తుంది? మా అమ్మకి మాటలు రావు అని మొదలుపెట్టాలా? ఆ తెరిచిన నోరు మూసుకునేలోపే కౌంటర్ వెనక నుంచి దుకాణం ఆయన అందుకున్నాడు.

"వెలుగు తల్లీ! పాత భాషలో వెలుగు. ఇప్పుడెవరికీ తెలియదు, అంత పాతది."

"అబ్బ! వెలుగంట!" అని ఆ పిల్లతల్లి మొగుడి భుజం గిల్లింది.

వాళ్ళు ఆ పేరు కుట్టించుకుని అటు వెళ్ళగానే పేర్లక్క అడిగింది. "ఏ భాష సార్ అది?"

"దుప్పట్లు అమ్మే భాష," అన్నాడాయన.

అర్థం పుట్టింది అలా, కౌంటర్ మీద మోచెయ్యి ఆనించి పళ్ళు కుట్టుకుంటున్న మనిషి నోట్లోంచి. పేరు మూగావిడది, అర్థం అబద్ధాలకోరుది. ఈ రెంటికీ ముడివేసి ఇప్పుడు పెద్ద చదువులు చదివినవాళ్ళు పిల్లలకి తగిలిస్తున్నారు.

ఆ మర్నాడే ఆవిడ మచ్చు మార్చేసింది. వేరే పేరు కుట్టి తగిలించింది. వారం తిరిగేలోపు నలుగురు వచ్చి, "మా పక్కింటి పాపకి ఇక్కడ కుట్టారట, ఆ పేరే కావాలి" అన్నారు. దుకాణం ఆయన పాత మచ్చు వెతికి మళ్ళీ తనే తగిలించాడు.

"సార్, అది వద్దు. నాకిష్టం లేదు," అంది ఆవిడ.

"నీకిష్టం లేకపోవడమేంటి? నీ పేరా, మీ అమ్మ పేరా?"

"మా అమ్మ పిలుపు సార్."

ఆయన మచ్చు దుప్పటి మడత సరిచేశాడు. తర్వాత, "అయితే మంచిదే కదమ్మా, పదిమంది నోళ్ళలో ఉంటుంది, పుణ్యం" అని గిరాకీ వైపు తిరిగాడు. పుణ్యం ఆవిడకి, గిరాకీ ఆయనకి.

ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. ఆయన చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు. "ఇదిగో, పిలుపు నీ చెవిలో ఉంది గానీ వాళ్ళ దుప్పటి మీద లేదుగా. పోనిద్దూ. లిఫ్టు నేనే బాగుచేస్తాను, ఎక్కేవాళ్ళంతా నావాళ్ళా?" అన్నాడు. మాట బాగుంది. బాగున్న మాటలతో ఉన్న చిక్కేమిటంటే, అవి చెప్పినవాడికి నిద్ర పట్టిస్తాయి.

పేరు వీధి దాటింది. అవతలి వీధి పిల్లకి పెట్టారు, దాన్ని చూసి ఇంకొకరు. ఏదో టీవీ సీరియల్లో డబ్బున్న ఇంటి కూతురికి ఆ పేరు వచ్చింది. దాంతో తట్టుకోలేనంత గిరాకీ. ఆవిడ వంకర కుట్లు కుట్టి చూసింది. "చేత్తో చేసినట్టు ఎంత ముద్దుగా ఉందో" అని మెచ్చుకున్నారు. వెలిసిపోయే దారం వేసి చూసింది. ఫర్లేదు, పాప పెద్దదవుతుందిగా అన్నారు. వద్దన్నకొద్దీ పెరిగే కలుపు అది. చివరికి దుకాణం ఆయన కంప్యూటర్ మిషను తెచ్చాడు. ఎక్కువ అమ్ముడుపోయే పేర్లన్నీ దాంట్లో ఎక్కించారు. ఐవియాకి నమూనా ఆవిడ మొదటి మచ్చే. ఆ వంపులు, ఆ నీలం నీడ అన్నీ అందులోకి ఎక్కాయి. ఇక ఆవిడ చెయ్యాల్సింది రింగు బిగించి, మీట నొక్కి, దారం తెగితే ఎక్కించడం.

అన్నేళ్ళూ తల మాత్రం తిరుగుతూనే ఉంది. సందులో ఎవరో తల్లి, "ఐవియా, మురిక్కాలవ దగ్గర ఏం పని?" అని కసిరితే తిరిగేది. బస్సులో ఎవరో తాత, "ఐవియా బంగారం, కిటికీలోంచి చెయ్యి తియ్" అంటే తిరిగేది. మొదట్లో గుండె ఝల్లుమనేది, ఆ తర్వాత కాదని తెలిసేది. రానురాను గుండె మానుకుంది, మెడ మాత్రం మానలేదు. "నీ మెడకి బేరింగు అరిగిపోతుందే," అనేవాడు మొగుడు.

అరిగింది మెడ కాదు. ఒక రోజు మధ్యాహ్నం, గిరాకీ లేని వేళ, మిషను నడుపుతూ ఆవిడ అలవాటుగా మోత వెనక్కి చెవి పెట్టింది. పిలుపు వచ్చింది. కానీ అది ఎవరో కుర్రదాని గొంతు. తియ్యగా, సాగదీస్తూ, చివర రాగం తీస్తూ, "ఐవియాఽ!" అని. ఆవిడ మిషను ఆపింది. మళ్ళీ నడిపింది. ఈసారి బస్సులో తాత గొంతు. మళ్ళీ నడిపితే టీవీ సీరియల్ గొంతు. బావిలో బొక్కెన పడ్డట్టు అని గుర్తుంది, చప్పుడు గుర్తు రావడం లేదు. నడుమ చీలుతుందని తెలుసు, ఎక్కడ చీలుతుందో తెలియడం లేదు. తల్లి మొహం గుర్తుంది, గొంతు మీద ఆనించిన అరచెయ్యి గుర్తుంది, ఆ చేతికి ఉబ్బిన నరాలు గుర్తున్నాయి. నోరు తెరుచుకుంటుంది. ఆ నోట్లోంచి గిరాకీల గొంతులు వస్తున్నాయి.

అప్పటినుంచి ఆవిడకి అదొకటే యావ. ఎలాగైనా ఆ పిలుపు ఒక్కసారి వినాలి. ఎవరూ లేనప్పుడు తనే గొంతు మీద చెయ్యి పెట్టుకుని ప్రయత్నించింది. చెవులున్న మనిషికి ఆ గొంతు రాదు. ఉతుకు యంత్రాల చోటికి వెళ్ళి నిలబడింది. కొత్త యంత్రాలు, చప్పుడే లేదు. తల్లి గొంతు ఎవరూ పట్టి దాచలేదు, ఆ రోజుల్లో మూగవాళ్ళ గొంతు దాచుకోవాలని ఎవరికి తోస్తుంది? లోకంలో ఆ గొంతుకి నకలంటూ ఉంటే అది ఒకేచోట ఉంది. ఆ చోటు తలుచుకుంటేనే ఆవిడకి పళ్ళు బిగుసుకునేవి. పెద్దమ్మ కూతురి నోట్లో.

ఆ నోరు నడుచుకుంటూ దుకాణానికే వచ్చింది.

అక్క లావెక్కింది. వెనకాల కూతురు, కూతురి చేతుల్లో పొత్తిళ్ళలో పసిగుడ్డు. ఎదురు ఆసుపత్రిలోనే కాన్పు.

"ఏమే, బాగున్నావా? ఇంకా ఈ మిషనేనా?"

"మిషను మారింది అక్కా. నేనే మారలేదు."

"నా మనవరాలు. చూడు, అచ్చం నా ముక్కే."

"పాపం," అని నోటిదాకా వచ్చినదాన్ని మింగి, "బాగుంది," అంది పేర్లక్క.

"దీనికి దుప్పటి మీద పేరు కుట్టాలి. ఊరందరికీ ఉండే పేరు కాదమ్మోయ్. మా అల్లుడు వెతికి వెతికి పట్టుకున్నాడు. ఐవియా!"

కౌంటర్ వెనక దుకాణం ఆయన నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు.

"వెలుగు అని అర్థమట పిన్నీ," అంది కూతురు.

పేర్లక్క రింగు పక్కన పెట్టింది. "అక్కా, ఆ పేరు నీకు ఎక్కడా విన్నట్టు అనిపించలేదా?"

"టీవీలో వస్తుందిగా."

"అంతకు ముందు."

"అంతకు ముందెక్కడ?"

పేర్లక్క చెయ్యి చాచి అక్క మణికట్టు పట్టుకుంది. గడియారం పట్టీ పైకి జరిపింది. దాని కింద ఇంకా ఉన్నాయి, అర్ధచంద్రంలా తెల్లటి పంటిగాట్లు. "ఇది ఎందుకు పడిందో గుర్తుందా?"

"కుక్క కరిచిందన్నావు కదమ్మా?" అంది కూతురు.

"కుక్కే," అంది పేర్లక్క. "ఊరికే కరవదుగా కుక్క."

అక్క మొహంలో రంగు మెల్లిగా దిగిపోయింది. గోడ గుర్తొచ్చింది, గోడ వెనక నక్కడం గుర్తొచ్చింది. మణికట్టు లాక్కుని, కూతురికి వినబడకుండా గొంతు తగ్గించింది. "ఇప్పుడవన్నీ ఎందుకే తవ్వుతావు? అయినా అది వేరు, ఇది వేరు. పిన్నిది అరుపు, పాపం. ఇది పేరు."

నవ్విన నాపచేనే పండుతుందంటారు. పండింది. కోతకి వచ్చింది మాత్రం నవ్వినవాళ్ళే. అమ్మది అరుపన్న మాట వింటే ఏం చెయ్యాలో పేర్లక్క ఎన్నోసార్లు అనుకుని ఉంది. ఈసారి మణికట్టుతో వదలకూడదనీ అనుకుని ఉంది. తీరా విన్నాక, స్టూలు ముందుకి జరుపుకుని, అక్క మోకాలి మీద చెయ్యి వేసింది.

"అక్కా, ఒక్కసారి అనవా?"

"ఏమని?"

"అప్పుడు అనేదానివి చూడు. గోడ వెనక నుంచి. అలా."

"పిచ్చెక్కిందా నీకు?"

"నాకు గుర్తు రావడం లేదక్కా. ఎంత కొట్టుకున్నా వీళ్ళందరి గొంతులే వస్తున్నాయి. నీకు బాగా వచ్చేది. కన్నకూతుర్ని, నేనే మోసపోయేదాన్ని. ఒక్కసారి వెక్కిరించు. నేనేం అనుకోను."

అక్క అటూ ఇటూ చూసింది. "అల్లుడు బయట కార్లో ఉన్నాడే. చచ్చి స్వర్గాన ఉన్న మనిషిని పట్టుకుని... తప్పు కదూ!"

ఆ మనిషికి జన్మలో మొదటిసారి మర్యాద అడ్డొచ్చింది. రాక రాక ఇప్పుడే రావాలా అది! చిన్నప్పుడు ఆపమని ఏడిస్తే ఆపలేదు, ఇప్పుడు చెయ్యమని ఏడిస్తే చెయ్యదట.

"తప్పయితే నా ఖాతాలో రాసెయ్ అక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే వంగబోయింది. అక్క ఆ చేతులు పట్టుకుని ఆపింది. కూతురి వైపు తిరిగి, "ఆ చివర అరలో టోపీలున్నాయి, చూసి రాపో" అంది. కూతురు బిడ్డని ఎత్తుకుని అటు వెళ్ళింది. దుకాణం ఆయన చూడనట్టు నటిస్తూ చూస్తున్నాడు.

అక్క గొంతు సవరించుకుంది. పెదాలు తడుపుకుంది. కళ్ళు మూసుకుని, "ఐవియా" అంది.

టీవీలో ఎలా అంటారో అలా. చివర చిన్న రాగంతో.

"అలా కాదక్కా. కిందనుంచి."

"ఉండవే." ఊపిరి పీల్చుకుని మళ్ళీ అంది. ఈసారి మనవరాలిని ముద్దు చేస్తున్నట్టు వచ్చింది. మూడోసారి గొంతు లావు చేసి చూసింది. అది ఎవరో మగవాడి గొంతులా వచ్చి, ఇద్దరికీ సిగ్గేసింది. అక్క మొండి మనిషి. తన విద్య తనకి ఎదురు తిరిగితే ఒప్పుకోదు. చేత్తో గొంతు నొక్కుకుని ఇంకోసారి, ఇంకోసారి ప్రయత్నించింది. ప్రయత్నించినకొద్దీ అది నునుపుదేరి, అందమైన పేరైపోతోంది. నుదుటి మీద చెమట పట్టింది.

"పోయిందే," అంది చివరికి. "అప్పుడు అనుకోగానే వచ్చేసేది. ఎటు పోయిందో పోయింది."

టోపీల అర దగ్గరినుంచి కూతురు కేకేసింది. "అమ్మా, ఐవియాకి గులాబీ రంగు బాగుంటుందా, తెలుపా?"

అక్క పేర్లక్క మొహం వంక చూస్తోంది, ఏదో ఒకటి అను, తిట్టయినా తిట్టు అన్నట్టు.

"ఫర్లేదులే అక్కా," అంది పేర్లక్క. కళ్ళజోడు పైకి తోసుకుంది. "దారం ఏ రంగు వెయ్యమంటావు?"

"నీ ఇష్టం."

పసుపు రీలు ఎక్కించింది. నీలం పక్కన పెట్టుకుంది. రింగులో గుడ్డ బిగించి, మీట నొక్కింది. మిషను తనంతట తనే కుట్టుకుంటూ పోయింది, తడబాటన్నది లేకుండా. ఆ మోత వెనకాల ఏమీ లేదు. మిషను మోత అంతే. అక్కా, కూతురూ దుప్పటి తీసుకుని, వెళ్ళొస్తామని చెప్పి, కారెక్కారు. కారు అద్దంలోంచి అక్క ఒకసారి వెనక్కి చూసింది.

ఆ సాయంత్రం బడి వదిలారు. గేటు దగ్గర ఎవరో తండ్రి, పిల్ల చెయ్యి విడిపించుకుని రోడ్డు మీదికి ఉరికిందేమో, గుండెలదిరేలా అరిచాడు.

"ఐవియా!"

గుప్పెడు తలలు తిరిగాయి. రెండు జడల తల, క్రాపు తల, టోపీ తల. దుకాణం ఆయన అలవాటు కొద్దీ "నిన్ను కాదే తల్లీ" అనబోయి, మిషను వైపు చూసి, మాట నోట్లోనే ఆపుకున్నాడు.

పేర్లక్క తల వంచుకుని దారం కొసలు కత్తిరిస్తోంది.